గోడ మీద చప్పుడు

"మీ ఇంటర్నెట్ పాస్‌వర్డ్ కాస్త చెబుతారా?"

పక్క ఫ్లాట్ తలుపు జానెడు తెరుచుకుంది. షెవ్‌చుక్ ముసలాయన లోర్నానీ, ఆమె పట్టుకున్న వాకర్‌నీ ఎగాదిగా చూశాడు.

"ఎందుకూ?"

"పాటల పెట్టె చేసుకున్నానండీ, నా చేత్తోనే. నెట్ ఉంటే ఏ దేశం రేడియో అయినా పలుకుతుంది."

"నా దగ్గర అలాంటివేం లేవు."

తలుపు మూసుకుంది.

"ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం!" అని గొణుక్కుంటూ లోర్నా వెనక్కి వచ్చింది.

కెనడాలోని ఆ విన్నిపెగ్ చలికి వీధి గడ్డకట్టింది. ఆ మంచు మీదే జారి ఆమె తుంటి విరగ్గొట్టుకుంది. ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. వసంతం దాకా మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు.

స్కూలు బస్సు నడుపుతూ ఊరంతా తిరిగిన మనిషి. ఇప్పుడు మంచం, కిటికీ, మళ్లీ మంచం. ఆ పాటలైనా లేకపోతే పిచ్చెక్కిపోతానని ఆమెకి తెలుసు.

అందుకే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించి, దాని నెత్తిన సౌండ్ కార్డు బిగించి, పాత స్పీకర్లు తగిలించింది. అన్నీ ఉన్నాయి, నెట్ ఒక్కటే లేదు.

వారం తిరిగేసరికి పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ ఒకటి కనబడింది.

"ఎవరో పెట్టడం మరిచిపోయి ఉంటారు," అన్నాడు గిల్. బిల్డింగ్ బాగోగులు చూసేది అతనే. ఆమెకి పాలూ రొట్టే మోసుకొచ్చేదీ అతనే.

"వాళ్ల మతిమరుపు చల్లగుండ!"

ముచ్చటపడి బోర్డుని బిస్కెట్ డబ్బాలో అమర్చి మూత పెట్టింది. పాట ఠక్కున ఆగింది.

"రేకుడబ్బాలోకి సిగ్నల్ ఎలా దూరుతుందండీ!" గిల్ పగలబడి నవ్వాడు.

చెక్కపెట్టెలోకి మార్చింది. ఇల్లంతా తిప్పి చూస్తే షెవ్‌చుక్ గోడ దగ్గరే నిండుగా పలికింది.

"దీనికి ఆ గోడే దొరికిందా, ఖర్మ!"

ఆదివారం రేడియోలో పోల్కాలు, యూరప్ పల్లెల చిందుపాటలు. రెండో పాటకి గోడ టకటకమంది.

"మొదలెట్టాడు!" లోర్నా సౌండ్ తగ్గించింది.

మళ్లీ టకటక.

ఇంకా తగ్గించింది.

టకటక.

"చీమ చిటుక్కుమన్నా ఓర్వడా ఈ మహానుభావుడు?"

కోపంతో స్పీకర్లు పీకేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆ తీగ బారెడు కూడా లేదు. ఆమె తిరిగే మేర ఇంకా కుంచించుకుపోయింది.

ఆ చప్పుడు కొన్నాళ్లు ఉండి, ఆగిపోయింది.

"నోరు మూయించాను చూడు!" అంది గిల్‌తో.

ఫిబ్రవరిలో గిల్ టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"షెవ్‌చుక్ పోయాడండీ. నిద్రలోనే."

"అయ్యో పాపం," అంది. అంటూనే, ఇక స్పీకర్లు పెట్టుకోవచ్చుగా అనిపించి తనమీద తనకే రోత పుట్టింది.

అయినా మర్నాడు పెట్టింది, గట్టిగానే.

పాట సగంలో ఆగింది. తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అసలు నెట్‌వర్కే కనబడటం లేదు.

గిల్‌ని అడుగుదామని వాకర్ పట్టుకుని బయటికొచ్చింది. అతను పక్క ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాడు. చేతిలో తీగలు వేలాడుతున్న నల్లటి డబ్బా.

"ఇప్పుడే పీకాను చూడండి. ఇంట్లో సెల్‌ఫోన్ లేదు, టీవీ లేదు, కంప్యూటర్ లేదు. శీతాకాలం మొదట్లో ఈ ఇంటర్నెట్ ఎందుకు పెట్టించుకున్నాడో!"

"ఎక్కడుందది?"

"ఆ గోడకే. మేకు కొట్టి మరీ తగిలించాడు."

అది తన గోడ. అవతల సరిగ్గా అక్కడే తన చెక్కపెట్టె ఉంది.

వాకర్ తోసుకుంటూ ఆమె లోపలికి వెళ్లింది. మేకు కింద గోడకి ఆనించి ఒక కుర్చీ. కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, అరచెయ్యంత జిడ్డు మరక.

లోర్నా ఆ మరక మీద చెయ్యి పెట్టి కుర్చీలో కూలబడిపోయింది.

ఆ ముసలాయన మొదటిసారి వేసింది పోల్కాకి దరువు. ఆ తరువాత గోడ కొట్టిందంతా, వినబడటం లేదమ్మా, కాస్త పెంచమని.