గోడ అవతల దగ్గు

తాళం తీయడానికి నదీమ్ చేయి మొరాయించింది. తాళం తుప్పు పట్టిందని పైకి అన్నాడు గానీ, ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే అతనికి భయం.

బాన్సువాడలో ఆ కాలనీ ఇళ్లన్నీ భుజం భుజం ఆనించి కట్టిన డూప్లెక్సులే. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇక్కడ పోపు వేస్తే అక్కడ తుమ్ములు. నదీమ్ ఇంటిని ఆనుకున్న ఇల్లు మాత్రం చాన్నాళ్లుగా తాళం వేసే ఉంది. అలా తాళం వేసిన ఇంట్లోంచి దగ్గు వినిపిస్తోంది.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు గొంతు కూడా ఉంది. మొదట విన్నది నదీమ్ భార్య రుబీనా. ముసలివాళ్ల పొడి దగ్గు. ఎలుకలని కొట్టిపారేశాడు నదీమ్. ఎలుకలు దగ్గుతాయా అని అడిగింది రుబీనా. ఆ తర్వాత అతనికీ వినిపించింది.

రుబీనా పసిబిడ్డను తీసుకుని బిచ్కుందలో పుట్టింటికి వెళ్లిపోయింది. పక్కింట్లో మనుషులు దిగి, దీపం వెలిగి, నవ్వులు వినిపిస్తేనే వస్తానంది. బిడ్డ బోర్లా పడటం నేర్చింది. ఆ ముచ్చట నదీమ్ ఫోన్‌లోనే చూసుకుని ఏడ్చాడు.

అందుకే ఆ తాళమేసిన ఇంటి ఓనరు సాయిబాబు నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి, “ఎవలో ఇల్లు కొంటమని చూడనీకి వస్తుండ్రు, జర తాళం తీయి” అనగానే దుకాణం మూసి పరుగెత్తుకొచ్చాడు.

వచ్చింది చందర్, ఆయన భార్య రేఖ. చందర్ ఆర్టీసీలో కండక్టరు. ఈ ఊళ్లోనే కిరాయి ఇంట్లో ఉంటున్నారు. బస్సులో అంతమందిని అదిలించే మనిషి ఇక్కడ నోరు విప్పడం లేదు. మాట్లాడేదంతా రేఖే. నెత్తికి స్కార్ఫ్ కట్టుకుని, కళ్లతోనే ఇల్లంతా కొలుస్తోంది.

“పైన రెండు బెడ్రూములున్నయ్ అక్కా, రండి చూద్దురు.”

“పైన ఎందుకు తమ్మీ. కింద హాలు చాలు. ఈడ చాపలేస్తే సుట్టాలు పడ్తరా?”

“మా పండుగకొచ్చే సుట్టాలందరు పడ్తరక్కా.”

“గేటు రెండు రెక్కలు తెరుసుకుంటదా?”

“ఆటో సీదా లోపటికొస్తది.”

“ముంగట టెంటు ఏస్తే కాలనీలోళ్లు ఎవలన్న లొల్లి వెడ్తరా?”

“ఎవలు వెడ్తరు? పక్కన నేనే ఉన్న గదా.”

నదీమ్ ప్రాణం లేచొచ్చింది. టెంటు, చాపలు, చుట్టాలు! వీళ్లేదో పెద్ద శుభకార్యమే తలపెట్టినట్టున్నారు. ఈ ఇంటికి కావలసింది అదే.

“బిడ్డ పెండ్లా అక్కా?”

“మా పాప ఇంక ఇంటరే చదువుతుంది,” అంది రేఖ. “అది నవ్వితే వాడకట్టంత వినవడ్తది.”

ఆ నవ్వు ఒక్కసారి గోడ దాటి వస్తే చాలు. రుబీనా ఆ సాయంత్రం బస్సుకే దిగుతుంది. నదీమ్ అప్పుడే లెక్కలు వేసేసుకున్నాడు.

అంతలో రేఖ కిందికి వంగింది. గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తులో, నల్లటి మసి చార. సున్నం వేసినా దాగలేదు. వేలితో తాకి చూసింది.

“ఈడ దీపం వెట్టిండ్రు గదా తమ్మీ.”

నదీమ్ గుండెల్లో రాయి పడింది. దేవుడి దీపం అంత కింద ఎవరూ పెట్టరు. శవం తల దగ్గర నేల మీద పెట్టే దీపం అదని అతనికీ తెలుసు. కరెంటు పని చేసినప్పటి మరక అంటే సరిపోయేది. ఆ అబద్ధం నోటి దాకా వచ్చింది కూడా. చెబితే వీళ్లు వెళ్లిపోతారు, రుబీనా రాదు. చెప్పకపోతే ఆ ఇంటరు పిల్ల ఈ హాల్లో భయపడుతూ పడుకుంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

చివరికి మెట్టు మీద కూలబడ్డాడు.

“సాయిబాబన్న వాళ్లమ్మ అక్కా. దగ్గి దగ్గి ఈ హాల్లనే పాణమిడిసింది. నచ్చత్రం మంచిగ లేదని అయ్యగారు చెప్తే ఇల్లు పాడువెట్టి, తాళమేసి పోయిండ్రు. గడువు తీరినంక రావాలె. రాలే. అవ్వ దగ్గు నాకింక వినవడ్తనే ఉంది. దాసిపెట్టి మీకు అంటగట్టలేను.”

చందర్ ముఖం పాలిపోయింది. భార్య చేయి పట్టుకున్నాడు.

“పోదాం పా.”

రేఖ కదల్లేదు.

“అవ్వను ఈడనే పండవెట్టిండ్రా? సుట్టాలందరు లోపటికే వచ్చి సూసిండ్రా?”

“ఆ.”

“ఎవలు అడ్డం చెప్పలే?”

“సొంతిల్లు గదా అక్కా. అడ్డం చెప్పేటోడు ఎవడుంటడు?”

అప్పుడు వినిపించింది. వంటగది వైపు నుంచి, పొడి దగ్గు. ముగ్గురూ విన్నారు. చందర్ గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. నదీమ్ పెదాలు ఏదో దువా చదువుతున్నాయి. అయిపోయింది, ఇక ఈ ఇల్లు అమ్ముడుపోయినట్టే అనుకున్నాడు.

రేఖ మాత్రం వంటగది వైపు తిరిగి, “ఉండనీ అవ్వను,” అంది. తర్వాత భర్తతో నెమ్మదిగా, “గిదే తీసుకుందాం. ఇగ వేరే ఇండ్లు చూసుడు వద్దు,” అంది.

చందర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నదీమ్‌కు సంతోషపడాలో లేదో తెలియలేదు.

“నీకు భయం లేదా అక్కా?”

“భయమంత మా కిరాయింటి గురించే తమ్మీ,” అంది రేఖ, “పీనుగను ఓనరు గేటు దాటనియ్యడు, దవాఖానోళ్లేమో నాకు దసరా దాకనే అన్నరు.”