కబురు అందింది

“పాము కరిస్తే ముందు ఏం చేస్తారు?” కనకమహాలక్ష్మి అడిగింది.

“ప్రసాదు గారికి ఫోన్ చేస్తాం!” చర్చి వరండా అంతా ఒక్క గొంతుతో అంది.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

హంసలదీవి దగ్గర చిన్న పల్లె అది. పాముకాటు మీద ఊరూరా తిరిగి చెప్పే బృందంలో ఆమె చేరి ఎనిమిది నెలలు. జీతం లేదు. ప్రతి శనివారం రెండు బస్సులు మారి వస్తుంది. గోడకి బొమ్మలు అంటిస్తుంది. తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు అంటుంది. కాలికి చెక్క కట్టి, కదలకుండా ఎలా పడుకోబెట్టాలో చేసి చూపిస్తుంది. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట.

“మంత్రానికి ఫోన్ చెయ్యకండి.”

పేచీ అక్కడే.

దివిసీమలో పాము మంత్రం వేసే ఈశ్వరప్రసాద్‌ని చూసినవాళ్లు తక్కువ. ఆయన నంబరు లేని ఇల్లు లేదు. పాము కరిచిందని కబురు అందితే చాలు, ఎక్కడున్నా భుజం మీది తువ్వాలుకి ముడి వేసేస్తారు. విషం దిగిపోతుందని నమ్మకం. మనిషి లేచి తిరిగాక మళ్లీ కబురు చెప్పాలి. అప్పుడే ఆ ముడి విప్పుతారు.

“విషం లేని పామైతే ముడి వేసినా బతుకుతారు, వెయ్యకపోయినా బతుకుతారు,” అంది కనకమహాలక్ష్మి. “తాచు కరిస్తే?”

“ఆయన మీద మీకెందుకు అక్కగారూ ఇంత పగ?” కౌలు రైతు రత్నరాజు లేచాడు. “పదేళ్ల నుంచి మా ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు.”

అతని తల్లి ధనమ్మ అందుకుంది. “మేం యేసయ్యకి ప్రార్థన చేస్తాం, ప్రసాదు గారికి ఫోన్ చేస్తాం. ఇద్దర్లో ఒకరన్నా ఎత్తరా?”

మళ్లీ నవ్వులు.

“అది సరేగానీ అమ్మాయ్, ఆ కొంగు ముడిలో ఏం దాచావ్? పోయిన వారం వేరే చీర. దానికీ ముడే!” ధనమ్మే మళ్లీ అడిగింది.

కనకమహాలక్ష్మి చెయ్యి కొంగు మీదికి పోయింది. “ఏం లేదు పిన్నిగారూ.”

అప్పుడే చేల వైపు నుంచి కేక.

రత్నరాజు కూతురు వందన. ఇంటర్ చదువుతోంది. గేదెకి గడ్డి కోస్తుంటే గట్టు మీద తాచు కాటేసింది. ఇద్దరు ఆడవాళ్లు మోసుకొచ్చారు. కుడి మడమ మీద రెండు గాట్లు.

కనకమహాలక్ష్మి అక్కడున్న చెక్కనే తీసి కాలికి కట్టింది. రత్నరాజు బావమరిది జాన్సన్ ఆటో తెచ్చి వరండా ముందు ఆపాడు. అవనిగడ్డ ఆసుపత్రికి ముప్పావుగంట.

రత్నరాజు అడ్డం నిలబడ్డాడు. “కబురు అందకుండా కదిపితే విషం తలకెక్కుద్ది. ఎవరూ ముట్టుకోవద్దు!”

ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. “రింగవుతుంది... ఎత్తట్లేదు.”

మళ్లీ చేశాడు. మళ్లీ.

“ఆయన ఎనిమిది నెలల నుంచి ఎవరికీ ఎత్తట్లేదంట బావా,” అన్నాడు జాన్సన్. “ఎక్కించు.”

“నా కూతురికి ఎత్తుతారు!”

ఐదు నిమిషాలు పోయాయి. వందన రెప్పలు వాలిపోతున్నాయి.

“నాన్నా... నువ్వు ఇద్దరుగా కనపడుతున్నావ్.”

కనకమహాలక్ష్మి తన ఫోన్ తీసింది. నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టింది.

మొదటి రింగుకే ఎత్తారు.

“తాచు,” అంది. “ఆడపిల్ల. పదిహేడేళ్లు. కుడి మడమ. పావుగంటైంది. నాన్న కదలనివ్వడం లేదు.”

స్పీకర్లో ప్రసాదు గారి గొంతు.

“కబురు అందింది. ముడి వేశాను. ఆసుపత్రిలో సూది పడితేనే ఈ ముడి పనిచేస్తుంది. నిలబడకండి. పరిగెత్తండి!”

రత్నరాజు కూతుర్ని ఎత్తుకుని ఆటోలోకి దూకాడు.

ఆ సాయంత్రమంతా సీసా తర్వాత సీసా మందు ఎక్కింది. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. మూడో రోజు పొద్దున వందన కళ్లు తెరిచి ఇడ్లీ అడిగింది.

రత్నరాజు కనకమహాలక్ష్మి చేతులు పట్టుకుని ఏడ్చాడు. “ముడి విప్పమని చెప్పాలి అక్కగారూ. నేను చేస్తే ఎత్తట్లేదు. ఆ రోజు మీకెలా ఎత్తారండీ?”

“నేను చెబుతాలే,” అంది.

మొవ్వలో బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. చెప్పులు విడిచి తన ఇంట్లోకి నడిచింది. సంచి తీసుకెళ్లి, దండ వేసిన కొడుకు ఫోటో కింద పెట్టింది.

మంచం అంచున ఈశ్వరప్రసాద్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ముడి వేసిన తువ్వాలు. మూడు రోజులుగా దాన్ని పక్కన పెట్టినట్టు లేదు.

“బతికిందండీ,” అంది. “విప్పండి.”

వేళ్లకి లొంగకపోతే పంటితో లాగి విప్పాడు. తువ్వాలులో మొహం దాచుకున్నాడు. మొహం తుడుచుకుని ఆమె కొంగు వైపు చూశాడు.

“నీదీ విప్పు లక్ష్మీ. ఇంకెన్నాళ్లు?”

ఆమె కొంగు గుప్పిట్లో బిగించుకుంది.

తాచు కాటేసిన కొడుకు దుర్గాశ్రీనివాస్‌ని ఆసుపత్రికి తీసుకెళ్దామని ఎనిమిది నెలల కిందట ఆయన బండి తీయబోతే, “మీ మంత్రం ఇంట్లో పెట్టుకుని ఆసుపత్రి దేనికండీ” అని ఆమె లాక్కుని కొంగున ముడేసుకున్న బండి తాళంచెవి, ఎన్ని చీరలు మారినా, ఇంకా ఆమె కొంగు ముడిలోనే ఉంది.