పద్నాలుగు అంగుళాలు

సరస్సు మీద మంచు ఎంత మందం ఉందో చెప్పే పేజీని ఆర్లిస్ మళ్లీ చదివి, కళ్లజోడు తీసింది.

"డెల్మర్, తేదీ ఇవాళ్టిదే. మందం పద్నాలుగు అంగుళాలంటోంది. ఇన్నాళ్లుగా ఎండ కాస్తుంటే మంచు అంతే ఎలా ఉంది నాయనా?"

"లెక్క కట్టేది నేను కాదుగా, ఆ పేజీయే. మాటల మధ్యలో కోడ్ పెట్టాను. రోజూ పొద్దున్నే కొలతలు తెచ్చుకుని అంకె మార్చేస్తుంది. ఆ సంగతి పైన రాశాను కూడా."

"నువ్వు రాసింది చదివాలే. ఆ కోడ్ నెత్తిన ఉన్న లైను చదువు."

'మళ్లీ నడపొద్దు, పాత జవాబే ఉంచు' అని దానర్థం. వాక్యాలు దిద్దుతున్నప్పుడు ప్రతిసారీ ఆలస్యమవుతోందని డెల్మరే పెట్టిన సెట్టింగు. తీయడం మర్చిపోయాడు.

ఇప్పుడు తీసి, కోడ్ నడిపాడు. పద్నాలుగు పోయి అయిదు వచ్చింది.

"మంచు మీద ట్రక్కు వెళ్లాలంటే పన్నెండన్నా ఉండాలి," అంది ఆర్లిస్ మెల్లగా.

"పేజీ మార్చేశాను."

"ఇకమీద చదివేవాళ్లకి సరే. పొద్దున చదివి వెళ్లినవాళ్లకో?"

డెల్మర్ అప్పటికే తమ్ముడికి ఫోన్ కలిపాడు. "కర్ట్, ఎక్కడున్నావురా?"

"సరస్సు నడుమ, ట్రక్కులో. కింద మంచు పటపటమంటుంటే అమ్మ భయపడుతోంది. పేజీ చూశాకే బయల్దేరామన్నా వినదు. అమ్మా, అది రాసింది అన్నయ్యే. ఇదిగో అన్నయ్యా, నువ్వే చెప్పు."

ఫోన్ చేతులు మారింది.

"నువ్వు రాసిందేనటగా నాన్నా," అంది అమ్మ, తేలికపడిన గొంతుతో. "ఆ మాట ముందే చెప్పొద్దూ వీడు."