ఏడో లెక్క

"ఆపండి! ఆపండి!" అని రిహార్సల్ మధ్యలో మైకులో అరిచాడు గాయకుడు.

గిటార్లు ఆగిపోయాయి. డ్రమ్స్ మాత్రం ఇంకో రెండు దెబ్బలు పడ్డాక ఆగాయి.

"మళ్ళీ ఏడుకే దూకావు తాతా! గిటార్ ముక్క అయ్యాక ఎనిమిది లెక్కపెట్టాలి, ఎనిమిది! వేళ్లు చాలవా నీకు?"

బ్యాండంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారని డ్రమ్స్ వెనక కూర్చున్న పెద్దాయన కూడా నవ్వాడు.

ఆయన ఈ బ్యాండు బస్సెక్కి పదకొండు రోజులే అయింది. బ్యాండు సొంత డ్రమ్మర్ మణికట్టు విరగ్గొట్టుకుంటే, టూర్ మధ్యలో కాళ్లావేళ్లా పడి ఈయన్ని పట్టుకొచ్చారు. వయసులో ఉన్నప్పుడు హోటల్ హాళ్లలో బ్రష్‌లతో మెత్తగా జాజ్ వాయించాడు. ఆ తర్వాత పాతికేళ్లు రాక్ బ్యాండ్ల వెంట ఊరూరా తిరిగాడు. ఇల్లంతేసి స్పీకర్ల పక్కన కూర్చుని స్టేడియాలు అదరగొట్టాడు. ఎవరి వెనక కూర్చోబెట్టినా ఇమిడిపోతాడని ఆయనకి పేరు.

ఆ పేరే గాయకుడికి గిట్టలేదు. పెద్దాయన పద్ధతులు అసలే గిట్టలేదు. డ్రమ్స్ ఎక్కడైనా వేదిక మధ్యలో, వెనకగా ఉంటాయి. ఈయన పక్కకి జరిపించుకున్నాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు.

"పేరున్నోడు కదా, పొగరు" అని తేల్చేశాడు గాయకుడు.

ఆ మధ్యాహ్నం బస్సులో పంచాయితీ పెట్టాడు. రికార్డు చేసిన మూడు షోలు ఫోన్‌లో పెట్టి పెద్దాయన చేతికిచ్చాడు.

"విను. మూడు ఊళ్లలోనూ ఏడుకే. నువ్వు తొందరపడితే నేనూ నీ వెంట పరిగెత్తాల్సొచ్చింది."

పెద్దాయన ఫోన్ చెవికి ఆనించుకుని, గాయకుడి ముఖంలోకే చూస్తూ చివరిదాకా కూర్చున్నాడు.

"తప్పు నాదేనంటారా బాబూ?"

"మరి నాదా? ఇరవై ఏళ్లుగా పాడుతున్న పాట. నిద్రలో లేపి పాడమన్నా తప్పను."

పెద్దాయన బేస్ గిటారిస్టు వైపు తిరిగాడు. తప్పెవరిదో అతనికి తెలుసు. టూర్ ఇంకా ఆర్నెల్లుందని కూడా తెలుసు. అతను కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"అయితే నాదే అయ్యుంటుంది" అన్నాడు పెద్దాయన. "ఈ ఒక్క టూర్ పూర్తి చెయ్యనివ్వండి బాబూ. మధ్యలో దింపేస్తే ఇంకే బ్యాండూ నన్ను పిలవదు."

"ముందు లెక్కలు నేర్చుకునిరా. అప్పుడు చూద్దాం."

తర్వాతి పెట్రోల్ బంకు దగ్గర దింపేశారు. డ్రమ్స్‌కి బిగించే ఇత్తడి సింబల్స్ సంచి భుజాన వేసుకుని, బస్సు కదిలేదాకా ఆయన చెయ్యూపుతూనే ఉన్నాడు.

అంతటితో వదిలేసినా బాగుండేది. ఆ సాయంత్రం షోలో గాయకుడు ఖాళీగా ఉన్న డ్రమ్స్ చూపించి వేలమంది ముందు, "మా తాతకి ఎనిమిది దాకా లెక్క రాదు, ఒకటో తరగతికి పంపించాం!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ వీడియో ఫోన్లలో ఊరూవాడా తిరిగింది. ఆ తర్వాత ఏ బ్యాండూ పెద్దాయన్ని పిలవలేదు.

కొత్త డ్రమ్మర్ వచ్చాడు. పాతికేళ్లవాడు. గడియారం మింగినట్టు వాయిస్తాడు.

నెల తిరక్కుండా పెద్ద షో వచ్చింది, కొత్తవాడికి అదే మొదటిది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. అదే పాట. గిటార్ ముక్క అయింది. గాయకుడు గొంతెత్తాడు.

డ్రమ్స్ రాలేదు. ఒక లెక్క ఆలస్యంగా వచ్చి మీద పడ్డాయి.

పాట కుప్పకూలింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే చోట కూలింది. మూడోసారికి జనం ఈలలు వేశారు.

తెర వెనక కొత్త డ్రమ్మర్ కాలర్ పట్టుకున్నాడు గాయకుడు.

"నీకూ లెక్క రాదా?"

"నేను ఎనిమిదికే వచ్చాను సార్. మీరే ఏడుకి ఎత్తుకున్నారు."

"నోర్ముయ్!"

సౌండ్ ఇంజినీరు అడ్డొచ్చాడు. "వాణ్ణి వదలండి సార్. పాత షోల్లో మీ గొంతూ తాతగారి డ్రమ్సూ విడదీసి వినిపిస్తాను, వినండి."

విన్నారు. ప్రతి ఊళ్లోనూ ముందు గాయకుడి గొంతు, వెంట్రుకవాసి వెనక పెద్దాయన దెబ్బ. ఒక్క పాట కాదు, గాయకుడు జారిన ప్రతిచోటా ఆయన అలాగే అందుకున్నాడు. అందుకే పదకొండు రోజులూ జనానికి ఏమీ తెలియలేదు.

బేస్ గిటారిస్టు తల దించుకున్నాడు.

గాయకుడికి సిగ్గేసింది. కానీ సిగ్గు కన్నా ముందు, వచ్చే వారం షో గుర్తొచ్చింది. ఎవరెవరినో అడిగి పెద్దాయన ఇంటి ఫోన్ నంబరు పట్టాడు. ఆయన భార్య ఫోనెత్తింది.

"అమ్మా, ఆయన్ని వెంటనే పంపించాలి. బస్సు మీ గుమ్మం ముందుకే తెస్తాను."

"ఆయన వాయించడం మానేశారు బాబూ. డ్రమ్స్ ఎవరికో ఇచ్చేశారు."

"తప్పు ఆయనది కాదమ్మా, నాది! ఒక్కసారి ఫోనివ్వండి, నేనే చెప్తాను."



"మీరు చెప్పినా ఆయనకెలా వినపడుతుంది బాబూ? చెవులు పోయి ఆరేళ్లయింది. పాడేవాళ్ల పెదాలు చూసే వాయిస్తూ వచ్చారు. తప్పు ఆయనదేనని మీరన్నాక, ఇక కళ్లు కూడా పోయాయని నమ్మేశారు."