డాక్టరమ్మ మీద పదకొండు కథలు

ఓడలో నడిచే మా టీవీ సీరియల్ రచయిత మేకప్ గదికి స్వయంగా వచ్చాడంటే కథలో ఎవరో పోతున్నట్టే. మామూలుగా కాగితాలు పంపిస్తాడు. బతికున్నానో లేదో అని నేను ఆఖరి పేజీయే ముందు చూసుకుంటాను.

ఇవాళ అతను వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"కెప్టెనూ, డాక్టరమ్మా. ఇద్దర్లో ఒకరు పోవాలక్కా."

"ఆరేళ్ళుగా ఆ డాక్టర్ని నేనే కదయ్యా! కెప్టెన్ వచ్చి మూణ్ణెల్లు కాలేదు."

"నిజమే. కానీ మన పాత్రల మీద నెట్‌లో అభిమానులు రాసే కథల్ని ఛానల్ వాళ్ళు లెక్కపెట్టారు. కెప్టెన్ మీద నాలుగు వేలు. మీ మీద పదకొండు."

కెప్టెన్ తెల్లవాడు, నేను నల్లదాన్ని. ఆ మాట రచయితా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ వేషం పోతే మా జాతివాళ్ళకి మిగిలేవి పనిమనిషి వేషాలే.

"ఆ పదకొండూ చదివావా?"

"మీ తరఫున వాదిద్దామనే చదివానక్కా. అన్నిట్లోనూ మీరు కెప్టెన్ని కాపాడి చచ్చిపోతారు. మీ అభిమానులకే అది ఇష్టమైతే నేనేం చెప్పను?"

ఆ పదకొండూ రాసింది నేనే. లెక్క పెరుగుతుందని, పదకొండు దొంగ పేర్లతో రాశాను.

అంతకు ముందు ఇంకొకటి రాశాను. అందులో బతికాను. ఒక్కరూ చదవకపోతే తీసేశాను.