మూడో మీట

ఎవరో బుక్ చేసి, షోరూములో ఒక్కసారి అందులో కూర్చుని, తీసుకోకుండానే వెళ్లిపోయిన కారట మీరు కొన్నది, అని పక్కింటి పిన్ని అత్తగారి చెవిన వేసింది. “టాప్ మోడల్ కదా, కుళ్లులెండి” అని కోడలు నవ్వేసింది.

ఆ రాత్రి పాప ఒళ్లు కాలిపోతోంది. భర్తది నైట్ డ్యూటీ. ఆసుపత్రికని పాపను వెనక సీట్లో పడుకోబెట్టి, కోడలు స్టీరింగు ముందు కూర్చుంది. తలుపుకున్న మూడు మీటల్లో ఏది నొక్కితే, సీటు ఆ మీటకు పెట్టిన మనిషి కొలతకు సర్దుకుంటుంది. ఒకటి భర్తది, రెండు తనది. రెండు నొక్కింది. సీటు ముందుకొచ్చి ఆగింది. ఆనక సన్నగా మూలుగుతూ, బ్రేకు కాలికి అందనంత వెనక్కి జరిగింది. మూడో మీట వెలిగింది.

భర్తకు ఫోన్ చేసింది.

“ఏవండీ, మూడో మీట ఎవరికి పెట్టారు?”

“ఎవరికీ పెట్టలేదే. ఏమైంది?”

లోపలి అద్దం మెల్లగా తిరిగి, పాప ముఖం మీద ఆగింది.

“అద్దం పాపను చూస్తోందండీ.”

“మాటలొద్దు. పాపను తీసుకుని దిగు!”