పెద్దాయన వీపు

“సినిమా చూస్తూ పెద్దాయన ఏ షాటుకి వీపు తిప్పితే ఆ షాటు కోసేస్తానని మాటిచ్చాను. ఇక మీ అదృష్టం,” అంది డైరెక్టరమ్మ.

“ఎన్నింటికని తిప్పుతాడండీ? పోయినవాళ్ల మొహం చూడకూడదని ఆ కొండవాళ్ల కట్టుబాటు, అంతేగా. నా పుస్తకంలో రాసిందే,” అన్నాడు రచయిత.

పైకి ధీమాగా అన్నాడే గానీ లోలోపల భయమే. ఒకప్పుడు కొండవాళ్లతో తను గడిపిన రోజుల మీద, అప్పటి ఫిల్ముతోనే చేసిన డాక్యుమెంటరీ అది. ప్రయోగాత్మకం అన్నారు కాబట్టి మాటల్లేవు, కథ అంతకన్నా లేదు. సగానికి సగం తెర నిండా రచయిత మొహమే. కొండవాళ్లకి పెద్దయిన ఈ పెద్దాయన ఒప్పుకుంటేనే సినిమా బయటికొస్తుంది.

ఇద్దరూ ప్రొజెక్టర్ గది అద్దంలోంచి కిందికి చూస్తున్నారు. ముందు వరుసలో పెద్దాయన, పక్కన ఆయన కూతురు.

“వెళ్లి పలకరించరాదూ? కొడుకులా చూసుకున్నాడంటారుగా!”

“నేనున్నానని వాళ్లకి చెప్పొద్దన్నది అందుకే. అయ్యాక ఎదురుగా వెళ్లి నిలబడతా. అప్పుడు చూడండి ఆయన సంబరం!”

తెర మీద తేనె తీస్తున్న మనిషి కనబడ్డాడు. పెద్దాయన లేచి తెరకు వీపు తిప్పి నిలబడ్డాడు. షాటు మారాక మళ్లీ కూర్చున్నాడు.

“ఆయన తమ్ముడు. పోయాడన్నమాట, పాపం,” అన్నాడు రచయిత.

“రెండు మూడు షాట్లేగా, పోతే పోనీండి,” అంది డైరెక్టరమ్మ.

అంతలో రచయిత మొహం వచ్చింది. పడుచు మొహం, పెద్దాయన గుడిసె ముందు నవ్వుతూ. పెద్దాయన లేచాడు. వీపు తిప్పాడు. తెర మీద ఆ మొహం కదలదు, ఆయన కూర్చోడు.

“కోపం! మళ్లీ తొంగిచూడలేదని కక్ష! నా సినిమా నిలువునా ముంచేస్తున్నాడు!” అంటూ రచయిత తలుపు వైపు దూసుకెళ్లాడు.

అప్పుడే తలుపు తోసుకుని పెద్దాయన కూతురు వచ్చింది. “ఆపేయండమ్మా, నాన్న నిలబడలేక...” అంటూనే రచయితను చూసి కొయ్యబారిపోయింది.

“ఏం, నేను చచ్చానా, మీ నాన్న వీపు తిప్పడానికి? పద, ఆయన్నే అడుగుతా!”

ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. కళ్లనిండా నీళ్లు.

“అన్నా, వానలకు ముందే వస్తానని మాటిచ్చి వెళ్లావు. రాకపోయేసరికి పోయావనుకుని, కొడుక్కి చేసినట్టు కర్మలన్నీ చేశాడు. దండం పెడతాను, కిందికి రాకు. బతికుండీ రాలేదని తెలిస్తే నాన్న తట్టుకోలేడు.”